నా కోడ్‌కి కామెంట్లు రాని రోజులు

మా అపార్ట్‌మెంట్ సొసైటీలో ఉండే పిల్లలు కొందరు, కొత్తగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో చేరినవాళ్లు, సాయంత్రం నడకలో నన్ను పట్టుకుని ఒకటే అడుగుతుంటారు. వాయుసేన నుంచి బయటికొచ్చి, నలభై దాటాక, ఈ పని ఎలా నేర్చుకున్నారు అంకుల్ అని. వాళ్ల గొంతులో మెచ్చుకోలు ఉంటుంది. అది వినగానే నేను మాట మార్చేస్తాను, లేకపోతే మోకాళ్ల నొప్పుల గురించి మొదలుపెడతాను. నిజమైన జవాబు చెప్పాలంటే ఒక అమ్మాయి గురించి, ఒక కల్నల్ గారి గురించి, నా నోటి తొందర గురించి చెప్పాలి. పార్కులో నడుస్తూ చెప్పే సంగతి కాదది. ఇప్పుడు రెండో రిటైర్మెంటు కూడా అయిపోయింది. తీరిక దొరికింది, సిగ్గు మాత్రం తగ్గలేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

మాది శ్రీకాకుళం దగ్గర. వాయుసేనలో రాడార్ల మరమ్మతు విభాగంలో పనిచేసి వారంట్ ఆఫీసరుగా బయటికొచ్చాను. చివరి పోస్టింగు ఢిల్లీలో పడింది కాబట్టి పిల్లల చదువుల కోసం ఇక్కడే ఉండిపోయాం. నా తోటివాళ్లు చాలామంది బ్యాంకుల్లో సెక్యూరిటీ ఉద్యోగాలు చూసుకున్నారు. నాకేమో యంత్రాల దగ్గర పెరిగిన చేతులకి మళ్లీ యంత్రమే కావాలనిపించింది. కరోల్ బాగ్‌లో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. చుట్టుపక్కలంతా సివిల్స్‌కి చదివే పిల్లలే. టీ కొట్టు దగ్గర నన్ను ఎవరి తండ్రో అనుకుని, "అంకుల్, మీవాడు ఏ కోచింగ్‌లో ఉన్నాడు?" అని అడిగేవారు. చదివేది నేనే అని చెప్పడానికి నోరు రాక, "ఉన్నాడులే బాబూ, ఆ చివర సందులో" అనేవాణ్ని. ఇలా మొదలైంది నా సాఫ్ట్‌వేర్ జీవితం.

చాలా ఇంటర్వ్యూల్లో తన్నేశాక నోయిడాలో ఒక చిన్న కంపెనీ నన్ను జూనియర్ డెవలపర్‌గా తీసుకుంది. మా ఇల్లున్న ద్వారకాలో మెట్రో ఎక్కితే ఢిల్లీ ఆ చివర నుంచి ఈ చివరకు దాటాలి. అపార్ట్‌మెంట్ సొసైటీల గేట్ల దగ్గర వాడే ప్రోగ్రాం చేయడం ఆ కంపెనీ పని. ఎవరైనా వస్తే గార్డు వాళ్ల పేరు, ఫ్లాట్ నంబరు కొడతాడు. ఫ్లాట్‌లో వాళ్ల ఫోన్‌కి కబురు వెళ్తుంది. వాళ్లు సరే అంటే గేటు తీస్తాడు. మీరంతా రోజూ చూసేదే.

టీమ్‌లో నా తర్వాత పెద్దవాడికి ముప్పై ఏళ్లుంటాయేమో. మొదటిరోజే అందరూ కలిసి నన్ను 'అంకుల్ జీ' చేసేశారు. నాకు పని నేర్పే బాధ్యత ఒక అమ్మాయికి అప్పగించారు. ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. తండ్రి రాజమండ్రి వైపు నుంచి వచ్చిన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. నేను తెలుగులో ఏం మాట్లాడినా ఆమెకు మొత్తం అర్థమయ్యేది, జవాబు మాత్రం హిందీలో వచ్చేది. మా పెద్దమ్మాయి కంటే నాలుగైదేళ్లు పెద్ద, అంతే. పనిలో మాత్రం ఆమెను మించినవాళ్లు ఆ అంతస్తులో లేరు. టీమ్ లీడ్ కుర్చీ త్వరలో ఖాళీ అవుతుందని, అది ఆమెకేనని నేను చేరినప్పటికే అందరూ అనుకుంటున్నారు. నన్ను ఆమెకు అప్పగించడంలో మా మేనేజరు ఆలోచన కూడా అదే. ఈ ముసలాయన్ని దారిలో పెట్టగలిగితే ఎవరినైనా పెట్టగలదని.

ఈ ఉద్యోగాల్లో రివ్యూ అని ఒక పద్ధతి ఉంది. చేరినవాళ్లకి తెలుసు, చేరబోయేవాళ్ల కోసం చెబుతున్నాను. మనం రాసిన కోడ్ నేరుగా ప్రోగ్రాంలో కలిసిపోదు. ముందు అనుభవం ఉన్నవాళ్లు చదివి, బాగాలేని చోటల్లా పక్కన కామెంటు పెడతారు. మనం సరిచేసి మళ్లీ పంపాలి. వాళ్లు సరేనన్నాకే కలుస్తుంది. ఆ కామెంట్లు టీమ్‌లో అందరికీ కనిపిస్తాయి. జూనియర్లు పని నేర్చుకునేది అక్కడే.

చేరిన కొత్తలోనే ఆమె నా కోడ్‌కి మొదటి కామెంటు పెట్టింది. ఒకే లెక్కను మూడు చోట్ల రాశారు, ఒకచోట రాసి మిగతాచోట్ల వాడుకోవచ్చు కదా అని. అంత మర్యాదగా నా పై అధికారులు ఎన్నడూ నాకు తప్పు చూపించలేదు. నేను లేచి, చొక్కా సర్దుకుని, ఆమె సీటు దగ్గరికి వెళ్లి, మడమలు కలిపి నిటారుగా నిలబడ్డాను.

"గల్తీ హో గయీ మేడమ్. మళ్లీ జరగదు," అన్నాను.

నా గొంతు పరేడ్ మైదానంలో తయారైన గొంతు. అంతస్తంతా తలెత్తి చూసింది. ఆమె కంగారుగా కుర్చీలోంచి లేచి నిలబడింది.

"అరే అంకుల్, ప్లీజ్, ఆప్ బైఠియే," అంది.

నేను కూర్చోలేదు. పై అధికారి నిలబడి ఉంటే కూర్చునే అలవాటు నాకు లేదు. ఇద్దరం అలా ఎదురెదురుగా కాసేపు నిలబడ్డాం. తర్వాత నేను వెనక్కి తిరిగి, నా సీటుకొచ్చి, ఆమె చెప్పినట్టు దిద్ది పంపించాను. ఎందుకలా రాయాలో నాకు అర్థం కాలేదు. అడగలేదు కూడా. తప్పు చూపించినవాళ్లని ఎందుకని అడగడం మా దగ్గర ఎదురు మాట్లాడటం కింద లెక్క. ఆ రోజు నా క్రమశిక్షణ చూసి ఈ పిల్లలు ముచ్చటపడి ఉంటారని నేను నమ్మాను.

ఇంకో రెండు మూడుసార్లు అలాగే జరిగింది. ఆ తర్వాత కామెంట్లు తగ్గాయి. తర్వాత పూర్తిగా ఆగిపోయాయి. నేను కోడ్ పంపగానే ఆమె నా వైపు తిరిగి, "ఠీక్ హై అంకుల్, నేను చూసుకుంటా," అని హిందీలో అనేది. మర్నాటికి అది ప్రోగ్రాంలో కలిసిపోయి ఉండేది. నాకు కొత్త పని వచ్చేది. పాత కోడ్ వైపు నేను మళ్లీ చూసేవాణ్ని కాదు. రాడార్ బాగుచేసి సంతకం పెట్టి అప్పగించాక దాన్ని మళ్లీ విప్పి చూడం కదా, ఇదీ అంతేననుకున్నాను. పక్కన కూర్చునే కుర్రాళ్ల కోడ్‌కి బారెడు కామెంట్లు వచ్చేవి. వాళ్లు తలలు పట్టుకునేవారు, ఆమెతో వాదించేవారు, ఓడిపోయి నవ్వుకునేవారు. వాళ్లని చూసి లోపల్లోపల జాలిపడేవాణ్ని. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, అదే నిజం.

ఇంట్లో నా గొప్పలకు అంతులేదు. "నా కోడ్‌లో తప్పు పట్టడానికి వాళ్లకేమీ దొరకడం లేదోయ్," అని మా ఆవిడతో అన్నాను. కంటోన్మెంట్‌లో ఉన్న పాత మిత్రుల దగ్గరికి ఆదివారాలు వెళ్లి, సాఫ్ట్‌వేర్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు, క్రమశిక్షణ ఉంటే చాలని ఉపన్యాసాలిచ్చాను. వాళ్లు శ్రద్ధగా విన్నారు పాపం.

నా ప్రొబేషన్ ముగిసే నెల వచ్చింది. ఆమెను లీడ్ చేసే విషయం కూడా అదే నెలలో తేలాలి. సరిగ్గా అప్పుడే ఒక పెద్ద సొసైటీ మా ప్రోగ్రాంని కొన్నాళ్లు వాడి చూసింది. వాళ్ల సెక్రటరీ అభిప్రాయం చెప్పడానికి మా ఆఫీసుకు వచ్చారు. ఆయన రిటైరైన కల్నల్. తెల్ల మీసం, ఇస్త్రీ మడత చెదరని చొక్కా. ఆయన గదిలోకి రాగానే నా వెన్నెముక దానంతటదే నిటారైంది.

మీటింగ్ గదిలో మేనేజరు, ఆ అమ్మాయి, నేను, ఇంకో ఇద్దరు టీమ్ వాళ్లం ఉన్నాం. కల్నల్ గారు ముందు చిన్నచిన్న లోపాలు చెప్పారు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, తన తల్లి సంగతి చెప్పడం మొదలుపెట్టారు. బాగా పెద్దావిడ, పగలు ఫ్లాట్‌లో ఒంటరిగా ఉంటారు, చెవులు వినపడవు. మొన్న ఆవిడకు కాళ్ల వ్యాయామం చేయించే కుర్రాడు వచ్చాడట. ఆవిడ ఫోన్ చూసుకోలేదు. మీ ప్రోగ్రాం ఏం చేసిందో తెలుసా, అని ఆయన మమ్మల్నే అడిగారు.

"నన్ను అడిగింది. నేను బయట ఉన్నాను, నా ఫోన్‌కి వచ్చింది. సరే అన్నాను, ఆ అబ్బాయి లోపలికెళ్లాడు. పాత యాప్ అయితే గేటు దగ్గరే తిప్పి పంపేసేది. ఈ ఆలోచన ఎవరిది?"

మేనేజరు ముఖం వెలిగిపోయింది. ఫ్లాట్ వాళ్లు జవాబివ్వకపోతే ఏం చేయాలన్న భాగం నాకు అప్పగించిన పని. "ఈయనది సర్," అని నన్ను చూపించాడు. "ఈయన కూడా సర్వీసు నుంచి వచ్చినవారే. వాయుసేన."

కల్నల్ గారు నన్ను తేరిపార చూశారు. "ఫౌజీ," అన్నారు సంతోషంగా. "అదీ సంగతి. ఫౌజీకే తడుతుంది ఇలాంటిది. శభాష్."

నేను రాసింది నాకు బాగా గుర్తుంది. ఫ్లాట్ వాళ్లు కాసేపట్లో జవాబివ్వకపోతే అనుమతి లేదు, వచ్చినవాణ్ని పంపించేయాలి. మా గార్డ్ రూముల్లో ఉండే నియమం, దాన్నే తెచ్చి అక్కడ పెట్టాను. ఇంట్లో ఇంకొకరిని అడగాలన్న ఊహే నాకు రాలేదు. ఇది నా కోడ్ కాదు. ఎవరిదో తెలుసుకోవడానికి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ఆమె వైపు చూశాను. ఆమె తల చాలా చిన్నగా, వద్దన్నట్టు ఊపింది. అది వినయమనుకున్నాను.

లేచి నిలబడ్డాను. మడమలు కలిశాయి.

"సర్, ఇది నేను రాసింది కాదు. నేను రాసిందే ఉండి ఉంటే మీ అమ్మగారి కోసం వచ్చిన అబ్బాయిని గేటు దగ్గరి నుంచే పంపేసేది. నాది తీసేసి, ఈ మేడమ్ రాశారు సర్. శభాష్ ఆమెకు చెందాలి," అన్నాను.

కల్నల్ గారు మెచ్చుకోలుగా తలూపి, "శభాష్ బేటీ," అని ఆమెతో అన్నారు. నాకు ఛాతీ ఉప్పొంగింది. ఒకరి పనికి నేను మెప్పు తీసుకోలేదు, నిజం చెప్పాను, ఆడపిల్లకి రావలసిన గౌరవం ఇప్పించాను అనుకున్నాను. ఆమె ముఖంలో రక్తం లేదన్న సంగతి నాకు కనిపించింది కూడా. సిగ్గుపడుతోంది కాబోలనుకున్నాను.

ఆయన వెళ్లిపోయాక మేనేజరు మా ఇద్దర్నీ ఆ గదిలోనే ఆపి తలుపు వేశాడు. గట్టిగా అరిచే మనిషి కాడు. కంప్యూటర్ తెరిచి, నా పేరు మీద ఉన్న పనులన్నీ ఒక్కొక్కటిగా గోడ మీది తెర మీద పెట్టాడు. "ఇందులో మీరు రాసింది చూపించండి," అన్నాడు నాతో.

నేను చూశాను. ఎక్కడైనా ఒకటి రెండు వరుసలు నావిలా ఉన్నాయి. మిగతాదంతా నాకు పరాయిది. అందులో చాలా భాగం చదివితే అర్థం కూడా కాలేదు. ఇన్ని నెలలూ జీతం తీసుకుని నేను చేసిన పని ఇదా అనిపించింది.

మేనేజరు ఆమె వైపు తిరిగాడు. "రివ్యూలో ఎందుకు రాయలేదు? నేర్పమని కదా నీకిచ్చింది."

ఆమె హిందీలో, నన్ను చూడకుండా చెప్పింది.

"కామెంటు పెడితే ఆయన వచ్చి నిలబడతారు సర్. అందరి ముందు. మా పాపా వయసు. ఆయనలా నిలబడి తప్పయిందంటే ఆ రోజు నాకు అన్నం దిగదు. రెండుసార్లు కూర్చోమన్నాను. కూర్చోరు. ఎందుకు తప్పో చెబుదామంటే అడగరు, సరే మేడమ్ అని వెళ్లిపోతారు. దానికంటే నేనే రాసేయడం తేలికనిపించింది."

నా క్రమశిక్షణ ఇంకొకరికి ఎలా కనిపించిందో అప్పుడు తెలిసింది. ఒక పిల్ల దగ్గరికి తండ్రి వయసు మనిషి వెళ్లి నేరస్థుడిలా నిలబడితే, ఆ పిల్ల చేయగలిగింది ఒక్కటే, మళ్లీ ఆ మనిషి అలా నిలబడే అవసరం రాకుండా చూడటం. నేర్పేవాళ్ల నోరు నేనే మూయించి, ఆ మౌనాన్ని నా ప్రతిభ అనుకుని ఊరేగాను. గోడలో దారి ఉంటే అటు నుంచి అటే వెళ్లిపోయేవాణ్ని.

ఆ సాయంత్రం మా ఆవిడ టిఫిన్ బాక్సు తెరిచి చూసింది. "ఏటైంది మీకు? ఒక్క ముద్దా ముట్టలేదు," అంది. జరిగిందంతా చెప్పాను. నా ప్రొబేషన్ పొడిగించారని, మొత్తం టీమ్‌కి తెలిసిపోయిందని, రేపు ఆఫీసుకు ముఖం ఎలా చూపించాలో తెలియడం లేదని. నిజం మాత్రం దాచలేదు, కల్నల్ గారి ముందే చెప్పేశాను అని కూడా అన్నాను.

ఆమె అంతా విని, "అదంతా సరే. మరి ఆ పిల్ల సంగతేటి?" అని అడిగింది.

"ఆమెకేం? కల్నల్ గారే మెచ్చుకున్నారు."

"మెచ్చుకుంటే? వాళ్ల సారుకి ఏటి తెలిసింది? ఆ పిల్ల మీ పని నెత్తినేసుకుని దాచిందనే కదా తెలిసింది," అంది.

నేను అప్పటిదాకా నా పరువు గురించే ఏడుస్తున్నాను. ఆ పిల్లకేమవుతుందన్న ఆలోచన నాకు రాలేదు. రాలేదంటే రాలేదు, ఇందులో సమర్థించుకోవడానికేమీ లేదు.

మరుసటి వారం లీడ్ పేరు ప్రకటించారు. వేరే టీమ్ నుంచి ఒకతన్ని తెచ్చి కూర్చోబెట్టారు. మేనేజరు ఆమెతో ఏం చెప్పాడో తర్వాత పక్క సీటు కుర్రాడి ద్వారా తెలిసింది. కోడ్ రాయడంలో నీకు తిరుగు లేదు, కానీ ఒక జూనియర్‌కి తప్పు చెప్పలేనిదానివి టీమ్‌ని ఎలా నడుపుతావు అన్నాడట. అందులో అబద్ధం లేదు. అందుకే ఆమె కూడా మారు మాట్లాడలేకపోయి ఉంటుంది. తర్వాత్తర్వాత ఆమె ఇంకో కంపెనీలో మంచి స్థానానికే వెళ్లింది. అది ఆమె ప్రతిభ. అందులో నా వంతు ఆలస్యం చేయడమే.

ఆ ప్రకటన వచ్చిన మర్నాడు నేను ఒక చిన్న పని ముగించి రివ్యూకి పంపాను. మధ్యాహ్నానికి ఆమె కామెంట్లు వచ్చాయి. పై నుంచి కింది దాకా. మొహమాటం లేదు, దయ లేదు. టీమ్ అందరికీ కనపడేలా. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. కాళ్లు లేవబోతే ఆపడానికి.

సాయంత్రం ఆమెను కింద టీ బండి దగ్గరికి పిలిచాను. వస్తుందనుకోలేదు, వచ్చింది. బండివాడు రెండు చాయ్ ఇచ్చాడు. నేను రిహార్సల్ చేసుకున్న మాటలు తెలుగులో చెప్పాను.

"నా వల్ల నీకు నష్టం జరిగిందమ్మా. నేను నీకు మంచి చేస్తున్నాననుకున్నాను. నీకు రావలసిన మెప్పు నీకు ఇప్పిద్దామని లేచాను గానీ, ఇలా అవుతుందని ఊహించలేదు. నన్ను క్షమించు."

ఆమె టీ ఊదుకుంది. అప్పుడు మొదటిసారి నాతో తెలుగులో మాట్లాడింది. మధ్యలో హిందీ పడుతోంది, పదాలు వెతుక్కుంటోంది, అయినా ఆగలేదు.

"అంకుల్, ఒకటి చెప్పనా? మీరు మళ్లీ నిలబడొద్దు, ప్లీజ్."

"చెప్పమ్మా."

"నేను తల ఊపాను. మీరు చూశారు కదా?"

"చూశాను."

"చూసి కూడా చెప్పారు. బయటికి పిలిచి నన్ను అడగొచ్చు కదా, బేటా ఏంటిది అని. మీటింగ్ అయ్యాక సర్‌కి ఇద్దరం చెప్పేవాళ్లం. మీరు ఆగలేదు. నా కోసం చెప్పలేదు అంకుల్ మీరు. ఆ కల్నల్ అంకుల్ శభాష్ అన్నారు, అది మీకు చుభ్ గయా... గుచ్చుకుంది. అది తీసి పారేయాలి మీకు. పారేశారు. అది వచ్చి నా మీద పడింది."

నేను ఏదో అనబోయాను. అది కాదమ్మా, నా ఉద్దేశం అది కాదు అని. నోటి దాకా వచ్చింది. కానీ ఆ గదిలో లేచి నిలబడ్డ క్షణాన్ని మళ్లీ తలుచుకుంటే, అందులో ఈ అమ్మాయి ఎక్కడా లేదు. నేనున్నాను, ఆ తెల్ల మీసం ఉంది, ఒక ఆఫీసరు ముందు దొంగ మెప్పు తీసుకున్నవాడిగా మిగిలిపోతానేమోనన్న భయం ఉంది. అంతే.

"నువ్వు చెప్పింది నిజం," అన్నాను.

"క్షమించడం అదీ నాకు ఇప్పుడు రాదు," అంది ఆమె. "కోపం ఉంది. కొన్నాళ్లుంటుంది. కానీ కోడ్ మాత్రం ఇకనుంచి ఒక్క లైను కూడా నేను రాయను మీకు. మీరే రాయాలి. రాకపోతే అడగాలి. అడగకుండా సరే మేడమ్ అన్నారంటే రిజెక్ట్ చేస్తాను."

కప్పు బుట్టలో పడేసి పైకి వెళ్లిపోయింది. నేను డబ్బులిచ్చి, వెనకాలే మెట్లెక్కి, సీట్లో కూర్చుని ఆ కామెంట్లు తెరిచాను. మొదటి దాంట్లో ఆమె, ఫోన్ స్విచాఫ్‌లో ఉంటే మీ కోడ్ ఏం చేస్తుంది అని అడిగింది. ఎంత చూసినా నాకు తెలియలేదు. పక్కనున్న కుర్రాళ్లందరికీ కనపడుతుందని తెలుసు. అయినా దాని కింద, నాకు తెలియదు, చెప్పు అని రాశాను.